పీనసము: శస్త్రచికిత్స నడచిన దారి

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి భూములలో మిరప కోత దినములందు కల్లములవద్ద తుమ్మనివారుండరు. కాయల తొడిమలు తీయు స్త్రీలు ముక్కుకు కొంగు అడ్డము పెట్టుకొనియే పని చేయుదురు. ప్రత్తి జిన్నింగు మిల్లులలోని నూగుధూళియు ఇట్టిదే. మిరపలోని కాప్సైసిన్ ముక్కులోని నరముల కొనలను రేపుటచే నీరు కారును. పని విడిచిన కొంతసేపటికి తగ్గును. అది ఘాటేగాని రోగము కాదు. పన్నెండు వారములు దాటినను ముక్కు బిగదీయుట, చీమిడి గొంతులోనికి జారుట, ముఖము బరువెక్కుట, వాసన తెలియకపోవుట మానకున్నచో దీర్ఘకాలిక సైనసు వ్యాధిని శంకింపవలెను. దీనిని గూడ ఘాటనుకొని ఊరకుండు ప్రమాదము కలదు. రోగము అరుదైనది కాదు. 2011లో ప్రకటింపబడిన ఐరోపా సర్వేలో నూటికి సుమారు 11 మందికి ఈ లక్షణములుండెను.

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రములో 31 నాసారోగములు పేర్కొనబడినవి. పీనసము వానిలో నొకటి. కాని చీము నిలుచు చోటేది? ముక్కు చుట్టును ఎముకలలో నాలుగు జతల గాలిగదులు గలవు, ఇవియే సైనసులు. వీనిలో పెద్దదగు చెక్కిలి గదిని 1651లో ఇంగ్లండు వైద్యుడు నథానియెల్ హైమోర్ వర్ణించెను. ఆ శతాబ్ది చివర విలియం కౌపర్ పై దవడపన్ను పీకి, ఆ గుంటగుండా చీమును వెడలించెను. మోటు పద్ధతియే, కాని చీముకు దారి కావలెనన్న ఊహ సరియైనదే.

1893లో న్యూయార్కులో జార్జి కాల్డ్‌వెల్, 1897లో పారిస్‌లో హెన్రీ లుక్ మరియొక మార్గము చూపిరి. పై పెదవి క్రింద కోసి, ఎముకను తొలచి, గదిలోని పొరను గీకివేసి, ముక్కు అడుగుభాగములోనికి కొత్త రంధ్రము చేయుదురు. 1946లో గుంటూరు వైద్యకళాశాల వెలసిననాటికి వైద్యలోకమున ఇదియే ప్రామాణికము. చెక్కిలి వాచును, కొందరికి తిమ్మిరి మిగులును. అయినను చీము మరల పట్టుట కద్దు. అంత రంధ్రముండగా చీమేల పోదు?

గదిలోని పొరపై కంటికానని సూక్ష్మరోమములు సదా కదలుచు శ్లేష్మమును నెట్టుచుండును. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున వాల్టర్ మెస్సెర్‌క్లింగర్ దీనిని ఓపికతో పరిశీలించెను. అడుగున రంధ్రము చేసినను శ్లేష్మము దానిని దాటి, పైనున్న సహజద్వారమునకే పోవుచుండెను. నీరు పల్లమెరుగును గాని శ్లేష్మ మెరుగదు! కావున ఆ ద్వారమువద్ద ఇరుకైన సందును తెరచిన చాలును. గీకివేయక విడిచిన పొర చాలవరకు తానే కోలుకొనును. 1959లో హరాల్డ్ హాప్కిన్స్ కల్పించిన గాజుకడ్డీల ఎండోస్కోపు ఈ సందులను కంటికి చూపెను. మెస్సెర్‌క్లింగర్ గ్రంథము 1978లో ఆంగ్లమున వెలువడెను; 1985లో అమెరికాలో డేవిడ్ కెనడీ ఈ పద్ధతికి ఫంక్షనల్ ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ అను పేరు నిచ్చెను. పెదవి క్రింద కోత లేదు. పనియంతయు ముక్కుపుటముల గుండానే.

అయినను నేడు వైద్యులు తొలుత ఉప్పునీటి కడుగుడును, స్టెరాయిడ్ స్ప్రేను ప్రయత్నించి, గుణము కానప్పుడే కత్తి పట్టుదురు. చెమ్మ తగిలిన మిరపపై పెరుగు ఆస్పర్‌జిల్లస్ వంటి బూజులు కొందరిలో సైనసులను పట్టును. అప్పుడు శస్త్రచికిత్స తప్పదు, తిరుగబెట్టుటయు కలదు. ఆపరేషను అయినవారు మరల కల్లమునకు పోయినచో ధూళి మామూలే. ఉప్పునీటి కడుగుడు మాత్రము నెలల తరబడి సాగవలసియుండును.