చెరసాల లోపల బన్యన్, వెలుపల ఎలిజబెత్



యాత్రికుని ప్రయాణము అనే పుస్తకమును ఎరుగనివారు మన సంఘాలలో తక్కువ. వీపున మూటతో బయలుదేరిన ఆ యాత్రికుని కథ సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. దానిని వ్రాసిన జాన్ బన్యన్ గారు సుమారు 12 సంవత్సరములు చెరసాలలో ఉన్నారని ప్రసంగాలలో తరచుగా వింటాము. అయితే కొందరు బోధకులు ఆ చెరసాల దేవుడు ఆయనకు వ్రాసుకొనుటకు ఇచ్చిన ప్రశాంతమైన గది అన్నట్లు చెబుతారు. నాకు అది సమ్మతము కాదు. చెరసాల బయట ఒక ఇల్లు ఉంది. ఆ ఇంటిలో నలుగురు పిల్లలు ఉన్నారు. ఈ దినము ఆ ఇంటిని గూర్చి ధ్యానించుకుందాము.

బన్యన్ గారు ఇంగ్లాండు దేశములో బెడ్‌ఫర్డ్ పట్టణము దగ్గర ఎల్‌స్టో అనే గ్రామములో 1628లో జన్మించారు. చిల్లులు పడిన గిన్నెలకు మాట్లు వేయడము ఆయన వృత్తి. రక్షణ పొందిన తరువాత వాక్యము చెప్పడము మొదలుపెట్టారు. 1658లో మొదటి భార్య నలుగురు బిడ్డలను విడిచి ప్రభువునందు నిద్రించింది. వారిలో పెద్దమ్మాయి మేరీ పుట్టుగుడ్డిది. మరుసటి సంవత్సరము ఎలిజబెత్ అనే యౌవనస్త్రీ ఆయనను వివాహము చేసుకొని ఆ పిల్లలకు తల్లి అయ్యింది.

1660లో రెండవ చార్లెస్ రాజు సింహాసనమునకు వచ్చాడు. రాజ్యము ఆమోదించిన సంఘమునకు వెలుపల కూడుకొనేవారిని శిక్షించే 1593 నాటి పాత చట్టమును మరల బయటికి తీశారు. ఆ సంవత్సరము నవంబరు 12న లోయర్ సామ్సెల్ అనే పల్లెలో ఒక ఇంట బన్యన్ గారు వాక్యము చెప్పవలసి ఉంది. వారెంటు వచ్చిందని ముందే తెలిసింది. కూటము ఆపుదామని ఆ ఇంటి యజమాని అన్నాడు. ఆయన పొలములోనికి పోయి అటూ ఇటూ నడుస్తూ ఆలోచించారు. నేనే పారిపోతే క్రొత్తగా నమ్మినవారి సంగతి ఏమిటి అనుకొని వెనుకకు వచ్చి, ప్రార్థనతో కూటము ప్రారంభించారు. అక్కడే పట్టుకున్నారు.

1661 జనవరిలో తీర్పు వచ్చింది. మూడు నెలలు జైలు. ఆ తరువాత కూడా ప్రకటించడము మానకపోతే దేశబహిష్కారము. అనుమతి లేకుండా తిరిగివస్తే ఉరి. మూడు నెలలు గడిచాయి, ఆయన మానలేదు. ఆయనను దేశము దాటించలేదు, విడిచిపెట్టనూ లేదు.

ప్రియులారా, ఇక్కడ కొంచెము ఆగండి. ఇతర ఖైదీలకు తలుపు తాళము అధికారి చేతిలో ఉంటుంది. బన్యన్ గారి విషయములో ఆ తాళపుచెవి ఆయన నోటిలోనే ఉంది. ఇక బోధించను అని ఒక్క మాట అంటే సాయంకాలానికి ఇల్లు చేరవచ్చు, మేరీని ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చు. న్యాయస్థానపు గుమాస్తా చెరసాలకు వచ్చి మృదువుగానే నచ్చజెప్పాడు. మొదటి నెలలోనే కాదు, ప్రతి ఉదయము ఆ మాట ఆయన నాలుక మీదనే ఉండి ఉంటుంది. ఓర్పు అంటే చేసేది లేక ఊరకుండుట అని మనము అనుకుంటాము. చేయగలిగి కూడా చేయక నిలిచియుండుట దానికంటె ఎంతో కష్టము.

ఆ కష్టములో సగము ఎలిజబెత్ గారు మోశారు. భర్తను పట్టుకుపోయిన రోజులలో ఆమె గర్భిణి. ఆ వార్త విని దిగులుతో ముందుగానే నొప్పులు వచ్చాయి. ఎనిమిది దినములు బాధపడిన తరువాత కాన్పు అయ్యింది. బిడ్డ దక్కలేదు. ఆమె లేచి, తన కడుపున పుట్టని ఆ నలుగురు పిల్లలను చూచుకుంటూ, భర్త విడుదల కొరకు తిరగడము మొదలుపెట్టింది. సుమారు 80 కిలోమీటర్ల దూరములోనున్న లండనుకు వెళ్లి ప్రభువుల సభలో ఒకరికి అర్జీ ఇచ్చింది. అది న్యాయాధిపతుల పని అన్నారు.

1661 ఆగస్టులో న్యాయాధిపతులు బెడ్‌ఫర్డ్ వచ్చారు. మొదట సర్ మాథ్యూ హేల్ గారికి అర్జీ అందించింది. ఆయన దయగానే మాట్లాడాడు గాని ఏమీ చేయలేనేమో అన్నాడు. మరునాడు ట్విస్డెన్ అనే న్యాయాధిపతి బండిలోనికి మరియొక అర్జీ విసిరింది. ఆయన గద్దించాడు. అప్పటికీ ఆమె విడువలేదు. స్వాన్ అనే సత్రములో న్యాయాధిపతులు, ఊరి పెద్దలు కూర్చున్న గదిలోనికి వణుకుతూనే ప్రవేశించింది. లూకా 18వ అధ్యాయములోని విధవరాలు మీకు జ్ఞాపకము వస్తుంది గదా!

నీ భర్త బోధించడము మానుతాడా అని ట్విస్డెన్ అడిగాడు. ఒక్క అబద్ధము, పోనీ ఒక్క తటపటాయింపు చాలు. నోట మాట ఉన్నంతకాలము ఆయన మానడని ఆమె చెప్పింది. ఇంటిలో నలుగురు చిన్నపిల్లలని, ఒకతె గ్రుడ్డిదని, పదిమంది దయ తప్ప జీవనాధారము లేదని చెప్పింది. ఇంత చిన్నవయస్సులో నలుగురా అని హేల్ ఆశ్చర్యపోతే, తాను సవతి తల్లినని, పెండ్లియై రెండేండ్లు కూడా నిండలేదని చెప్పి, పోయిన బిడ్డ సంగతి వివరించింది. అయ్యో అన్నాడాయన. ట్విస్డెన్ మాత్రము పేదరికమును ముసుగుగా వేసుకొంటున్నావన్నాడు. నా భర్త గిన్నెలు బాగుచేసే బీదవాడు కాబట్టే న్యాయము దొరకడములేదని ఆమె అందరి ఎదుట అనేసింది. చివరికి కన్నీళ్లతో బయటికి వచ్చింది. వారి కఠినత్వము కొరకు కంటె, ప్రభువు వచ్చినప్పుడు వారు చెప్పవలసిన లెక్కను తలంచి ఏడ్చానని తరువాత చెప్పింది. ఇవన్నీ భర్త ఆమె నోట విని వ్రాసిపెట్టారు. ఆ వ్రాత అచ్చయినది 1765లో, ఆమె మాటలు పలికిన 104 సంవత్సరములకు!

లోపల ఆయన స్థితి ఏమిటి? ఆయన దాచుకోలేదు. 1666లో అచ్చయిన స్వీయసాక్ష్యములో, భార్యాబిడ్డలను ఎడబాయడము ఎముకల నుండి మాంసము ఊడదీసినట్లుండెనని అర్థము వచ్చేటట్లు వ్రాశారు. అందరికంటె మేరీని గూర్చియే ఎక్కువ వేదనపడ్డారు. ఈ గ్రుడ్డిపిల్ల ఆకలికి, చలికి, దెబ్బలకు గురియగునేమో! తన ఇంటిని తానే భార్యాబిడ్డల మీద కూలద్రోస్తున్నట్లు అనిపించింది. ఉరి తీస్తారేమోనన్న భయము కూడా ఉండేది. నిచ్చెన ఎక్కేటప్పుడు మోకాళ్లు వణికి సువార్తకు అవమానము తెస్తానేమోనని మరీ భయపడ్డారు. ఇవి విశ్వాసము లేనివాని మాటలు కావు.

అప్పుడు ఆయనకు 1 సమూయేలు 6వ అధ్యాయము ఆదరణ ఇచ్చింది. ఫిలిష్తీయులు మందసమును బండి మీద పెట్టి, రెండు పాడి ఆవులను కట్టి, వాటి దూడలను ఇంటిదగ్గర ఉంచారు. ఆ ఆవులు కుడికిగాని ఎడమకుగాని తిరుగక బేత్షెమెషు మార్గమున తిన్నగా పోయాయి. అయితే ఊరకనే పోయాయా? అరుస్తూ పోయాయి. పల్లెల్లో పుట్టిన మనకు దూడను విడిచిన ఆవు అరుపు ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. చెరలో ఉన్న తండ్రి కొరకో, ఎడబాటులో ఉన్న భర్త కొరకో ఏడ్చే సహోదరిని, విశ్వాసురాలివి ఏడవకూడదమ్మా అని వారించేవారు ఈ వచనము మరియొకసారి చదవాలి. తండ్రిలేని బిడ్డలను నాకు విడువుము, వారిని నేను బ్రదికించెదనని ప్రభువు సెలవిచ్చిన యిర్మీయా 49:11 కూడా ఆయనను నిలబెట్టింది. ఆ వాగ్దానము పట్టుకొని ఆయన చేతులు కట్టుకొని కూర్చోలేదు. లేసులకు కొనలు బిగించే పని నేర్చుకొని, వందల గ్రోసులు తయారుచేసి అమ్మించి ఇంటికి ఆధారము కల్పించారు. ఒక గ్రోసు అంటే 144.

1672లో రాజు ప్రకటన ద్వారా విడుదల వచ్చింది. అప్పటికే బెడ్‌ఫర్డ్ సంఘము ఆయనను కాపరిగా ఎన్నుకుంది. 1676లో మరల పట్టుకుపోయి కొన్ని నెలలు ఉంచారు. 1678లో యాత్రికుని ప్రయాణము అచ్చయింది. అది చెరసాలలోనే ప్రారంభమైనదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయము.

1685లో రెండవ జేమ్స్ రాజైనప్పుడు శ్రమలు మరల వస్తాయని అందరూ భయపడ్డారు. అప్పటికి బన్యన్ గారి పేరు దేశమంతా తెలుసు. ఆయన కూర్చొని ఒక దానపత్రము వ్రాశారు. మూడవసారి పట్టుకుపోతే ప్రభుత్వము దేనినీ జప్తు చేయకుండునట్లు, తనకున్న సమస్తమును ఎలిజబెత్ గారి పేర పెట్టారు. రొక్కము, రావలసిన బాకీలు, బట్టలు, పరుపులు, ఇత్తడి సామాను, తగరపు గిన్నెలు సహితము అందులో ఉన్నాయి.