గుండె విద్యుత్తుకు దిక్కు

తగరపువలస మీదుగా పారు గోస్తని భీమునిపట్నమున సముద్రమును చేరును. అక్కడి డచ్చివారి సమాధులను మీలో అనేకులు చూచియే యుందురు. ఆ జాతివాడే విలెం ఐంతోవెన్. 1860లో జావాద్వీపమున జన్మించెను. లైడెన్ నగరమున ఆయన నిర్మించిన హృద్విద్యుత్ యంత్రము సుమారు 270 కిలోగ్రాములు తూగెడిది. రోగి చేతులను, ఎడమకాలిని ఉప్పునీటి తొట్లలో ముంచి కూర్చుండవలెను! ఆ కృషికే 1924లో నోబెల్ బహుమానము లభించెను.

నాకు మాత్రము యంత్రముకన్న 1913లో ఫార్, ది వార్ట్ అను సహచరులతో ఆయన వెలువరించిన ఆలోచనయే గొప్పదిగా తోచును. రెండు చేతులను, ఎడమకాలిని సమబాహు త్రిభుజపు కొనలుగా భావించి, నడుమ గుండె నుంచెను. ఒక్కొక్క భుజముపై విద్యుత్తు ఎంత పడినదో కొలిచినచో దాని మొత్తపు దిక్కు తేలును. నీడలను బట్టి కర్ర వాలును గ్రహించినట్లే. ఆ దిక్కే అక్షము.

ఆరోగ్యవంతులలో అది సాధారణముగా ఎడమకు, క్రిందికి వాలియుండును. బక్కపలుచని వారిలో నిలువుగా, స్థూలకాయులలో అడ్డముగా నుండును. కుడి జఠరిక మందమెక్కినచో కుడికి మరలును. ఎడమ జఠరికకు పోవు విద్యున్మార్గములలో ముందరిది మూసికొన్నచో ఎడమకు మరలును. కనుక అక్షము తొలగుట రోగము పేరు కాదు. దాని కారణమును వైద్యుడు వెదుకవలెను. నేటి యంత్రము చేతిసంచిలో ఇమిడిపోవుచున్నను, లెక్కకు ఆ మూడు కొనలే ఆధారము.