జిల్లా సగటు చాటున మన్యం పిల్లలు!
* సర్వే అంకెలు గ్రామానికి చాలవు
* అంగన్‌వాడీ తూకమే అసలు ఆధారం

పాడేరు మన్యంలో గిరిజన గూడెం బిడ్డ, విశాఖపట్నం నగరంలో బంగళా బిడ్డ 2019లో ఒకే ఖాతాలో చేరారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన నాటికి రాష్ట్రంలో 13 జిల్లాలే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న అవి 26 అయ్యాయి. తెలంగాణలోనూ ఈ సర్వే 31 జిల్లాల ప్రాతిపదికనే సాగింది. 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన ములుగు, నారాయణపేట జిల్లాలకు అందులో విడిగా అంకెలు లేవు.

1992-93లో మొదలైన ఈ సర్వే పిల్లల ఎత్తు, బరువు, రక్తహీనత, టీకాల వివరాలను ఇంటింటా సేకరిస్తుంది. అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 2015-16లో 31.4 శాతం కాగా, 2019లో 31.2 శాతం. నాలుగేళ్లలో కదలిక లేదన్నమాట. తెలంగాణలో ఈ అంకె 28 నుంచి 33.1 శాతానికి పెరిగింది. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతంగా తేలింది.

ఆంధ్రప్రదేశ్‌లో 11,346, తెలంగాణలో 27,351 కుటుంబాలను సిబ్బంది కలిశారు. అంటే జిల్లాకు సగటున 900 కుటుంబాలైనా లేవు. రాష్ట్ర విధానానికి, జిల్లాల మధ్య పోలికకు ఇది సరిపోతుంది. ఏ మండలంలో పోషకాహారం పెంచాలో, ఏ గూడేనికి వైద్య బృందాన్ని ముందు పంపాలో మాత్రం చెప్పలేదు. నగరం అంకె మన్యం అంకెను కప్పేస్తే నిధుల కేటాయింపులోనూ ఆ గూడెం వెనుకబడే ప్రమాదం ఉంది.

కొలతలోనే కిటుకు

ఈ లోటును పూడ్చగలిగేది అంగన్‌వాడీ కేంద్రమే. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులతో ఆరంభమైంది. కార్యకర్తలు నెలనెలా పిల్లలను తూచి, ఒకప్పుడు రిజిస్టరులో రాసిన వివరాలను 2021 నుంచి ‘పోషణ్ ట్రాకర్’ యాప్‌లో నమోదు చేస్తున్నారు. నమూనా లెక్క కాదిది, కేంద్రంలో పేరున్న ప్రతి బిడ్డ లెక్క. అయితే కొలత తప్పితే అంతా తప్పే. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి పొడవు కొలవాలి. ఆపై వయసు వారిని నిలబెట్టి ఎత్తు చూడాలి. ఒకే బిడ్డకు ఈ రెండు కొలతల నడుమ సుమారు 0.7 సెంటీమీటర్ల తేడా వస్తుంది. పుట్టిన తేదీని ఉజ్జాయింపుగా వేసినా బిడ్డ ఒక వర్గం నుంచి మరో వర్గానికి మారిపోతుంది. బరువైన దుస్తులతో తూచడం మరో పొరపాటు. పాదాలు రెండూ వాచిన బిడ్డయితే తూకంలో బరువుగానే తేలుతుంది. నిజానికి ఆ వాపు తీవ్ర పౌష్టికాహార లోపానికి గుర్తు. వేలితో నొక్కితే గుంట పడుతుందేమో చూడటానికి యంత్రం అక్కర్లేదు, కాస్త తీరిక కావాలి. ఒక్క కార్యకర్తపైనే అన్ని సర్వేల భారం మోపితే ఆ తీరికే కరవవుతుంది.

లెక్క తేలాక..

ఆరు నెలలు దాటిన అయిదేళ్లలోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువగా ఉంటే తీవ్ర లోపంగా పరిగణిస్తారు. వాపు, ఇతర జబ్బులు ఉన్నా, ఆకలి పరీక్షలో తిండి తినలేకపోయినా పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాలి. తల్లి వారాల తరబడి బిడ్డ వెంట ఉండాలి. కూలి పోతుందనో, ఇంట్లో మిగతా పిల్లలను చూసేవారు లేరనో మధ్యలోనే తిరిగి వచ్చే తల్లులు ఉంటారు. ఆ కారణం కూడా సర్వే పత్రంలో నమోదు కావలసిందే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను ఒకసారి పరీక్షించాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, ఎదుగుదలలో జాప్యం ఇందులో చూస్తారు. తరగతిలో మొద్దబ్బాయి అనిపించుకున్న పిల్లవాడికి చెవి సరిగా వినబడదని తేలే అవకాశం ఇక్కడే ఉంది. అవసరమైన వారిని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. బృందం వచ్చిన రోజు బడికి రాని పిల్లల పేర్లను ఉపాధ్యాయుడు రాసి ఉంచితే, తరువాతి పర్యటనలో ముందుగా వారినే చూడవచ్చు.