రేపటిని చూపించే ఊరు

బెంగళూరులో మ్యూజియం అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది కస్తూర్బా రోడ్డు. 1877 నాటి ఎర్రటి భవనంలో ప్రభుత్వ మ్యూజియం, దాన్ని ఆనుకుని వెంకటప్ప చిత్రశాల, పక్కనే విశ్వేశ్వరయ్య పారిశ్రామిక సాంకేతిక మ్యూజియం, 2023లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ, అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. గతానికి ఒక కప్పు, బొమ్మలకు ఒకటి, యంత్రాలకు ఇంకొకటి. ఈమధ్య ఇదే నగరంలో కళాకారులనూ శాస్త్రవేత్తలనూ ఒకచోట కూర్చోబెట్టి భవిష్యత్తు గురించి ప్రదర్శనలు, చర్చలు పెడుతున్నారు. ఐటీ సంపద తెచ్చిన కొత్త మోజుగా దీన్ని కొట్టిపారేసేవాళ్లున్నారు. చరిత్ర చూస్తే అది నిలబడే మాట కాదు. బెంగళూరు నూరేళ్లకు పైగా రేపటిని ప్రదర్శనకు పెడుతూనే ఉంది. కాకపోతే ఆ రేపు ఎలా ఉండాలో పైవాళ్లు తేల్చేసి జనానికి చూపించేవారు. చూడవచ్చిన మనిషిని కూడా అడగాలన్న ఆలోచన మాత్రం నిజంగా కొత్తది.

లాల్‌బాగ్ సంగతే తీసుకోండి. 1760 ప్రాంతంలో హైదరాలీ వేయించిన ఈ తోటలో గ్లాస్ హౌస్‌కు 1889 నవంబరు 30న బ్రిటిష్ రాకుమారుడు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశాడు. 1851లో లండన్ మహాప్రదర్శన కోసం కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ దీనికి నమూనా. పోత ఇనుము గ్లాస్గో నుంచి ఓడల్లో వచ్చింది. అప్పటి తోట అధికారి జాన్ కామెరాన్‌కు పూలు ఒక్కటే లోకం కాదు. విదేశీ పంటలను తెప్పించి, ఇక్కడి నేలకు అలవాటు చేసి, రైతులకు అందించడం ఆయన పని. మనం పప్పులో వేసుకునే బెంగళూరు వంకాయను ఈ ప్రాంతానికి తెచ్చింది ఆయనేనని చెబుతారు. అంటే ఆ గ్లాస్ హౌస్‌లో జరిగే పుష్పప్రదర్శన ఒక వేడుక కావడంతో పాటు, రేపు పొలంలో ఏం పండాలో, వంటింట్లోకి ఏం రావాలో చెప్పే పాఠం కూడా. పాఠం మంచిదే. అయితే ఎదురుప్రశ్నకు అందులో చోటు లేదు.

విశ్వేశ్వరయ్య కాలానికి ఈ ధోరణి మరింత గట్టిపడింది. ఆయన పుట్టింది ముద్దెనహళ్లిలో. ఇంటిపేరు మాత్రం ప్రకాశం సీమలోని మోక్షగుండానిది, ఇంట్లో మాట తెలుగు. పరిశ్రమలు లేనిదే దేశానికి బతుకు లేదన్నది ఆయన దృఢవిశ్వాసం. ఆయన కన్నుమూసిన 1962లోనే, జులైలో, ఆయన పేరిట పారిశ్రామిక సంస్థల చేయూతతో కట్టిన మ్యూజియం భవనాన్ని నెహ్రూ ప్రారంభించారు. మీట నొక్కితే తిరిగే నమూనాలు, విప్పి చూపిన ఇంజన్లు ఎన్నో తరాల పిల్లలకు సైన్సు మీద ప్రేమ పుట్టించాయి. ఆ మేలును చిన్నబుచ్చకూడదు. అయినా ఇంజన్ ఎలా తిరుగుతుందో చెప్పిన ఆ గదుల్లో, అది ఎవరి కోసం తిరుగుతోందని అడిగే సందు దొరకదు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశానికి అప్పుడు నమ్మకం కావాలి. మ్యూజియం ఆ నమ్మకాన్నే ఇచ్చింది.

ప్రశ్న మొదట కళాకారుల వైపు నుంచి వచ్చింది. అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యుడు, వైణికుడు కూడా అయిన కె. వెంకటప్ప పేరిట వెలసిన చిత్రశాలలో తక్కువ అద్దెకే ఎవరైనా ప్రదర్శన పెట్టుకోగలిగేవారు. దాని నిర్వహణను ప్రైవేటు చేతుల్లో పెట్టే ఒప్పందం బయటపడినప్పుడు, 2016లో చిత్రకారులు ఆ ఆవరణలోనే బొమ్మలు గీసి, ప్రదర్శనలిచ్చి నిరసన తెలిపారు. ప్రదర్శనశాల ఎవరిదన్న చర్చను ఈ నగరంలో ఇంత బహిరంగంగా నడిపినందుకు వాళ్లకు రుణపడి ఉండాలి. 1960లో పుట్టిన చిత్రకళా పరిషత్తు ఏటా వీధిలో జరిపే చిత్రసంతె కూడా, ఇంకో దారిలో, బొమ్మను గోడ మీంచి దింపి జనం మధ్యకు తెచ్చింది.

రేపటిని చూపించే శాస్త్రం, ప్రశ్న వేసే కళ, ఈ రెండు పాయలూ కలిసిన చోటు సైన్స్ గ్యాలరీ బెంగళూరు. ఈ తరహా గ్యాలరీల్లో మొదటిది 2008లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో మొదలైంది. ఇక్కడ కర్ణాటక ప్రభుత్వం పూనుకోగా భారతీయ విజ్ఞాన సంస్థ, జాతీయ జీవశాస్త్రాల కేంద్రం, సృష్టి కళాసంస్థ తోడు నిలిచాయి. దీన్ని నడిపిస్తున్న జాహ్నవీ ఫాల్కీ వృత్తిరీత్యా సైన్సు చరిత్రకారిణి. ఆ ఎంపికలోనే సంస్థ ఉద్దేశం కనిపిస్తుంది. సొంత భవనం 2024 జనవరిలో తెరుచుకుంది. అంతకుముందే నీటి మీద ఒక ప్రదర్శన, కొవిడ్ కాలంలో అంటువ్యాధుల మీద ఆన్‌లైన్‌లో ఒకటి, మనసు మీద మరొకటి జరిగాయి. కొత్త భవనంలో మొదటి విషయం కార్బన్. నా దృష్టిలో ఇక్కడి అసలు విశేషం వస్తువుల పక్కన నిలబడే యువతీ యువకులు. మీడియేటర్లు అని పిలిచే వీళ్లు పాఠం అప్పజెప్పరు, వచ్చినవాళ్లను మాటల్లోకి దించుతారు.

సొంత సేకరణ లేని గ్యాలరీ గాలిమేడ కాదా అని అడగవచ్చు. ఆ అనుమానంలో బలం ఉంది. 949 నాటి ఆతకూరు శాసనాన్ని ప్రభుత్వ మ్యూజియం భద్రపరచింది గనకే, పందితో పోరాడి చనిపోయిన ‘కాళి’ అనే వేటకుక్కకు ఒకనాటి మనుషులు రాయి నిలిపిన సంగతి ఈనాడు కళ్లారా చూడగలుగుతున్నాం. ఏ చర్చా ఆ రాయికి సాటి రాదు. కానీ ఇంకా జరగని దాన్ని సేకరించి అద్దాల బీరువాలో పెట్టలేం. దాని గురించి మాట్లాడుకోవడమే వీలవుతుంది. ఇవి ఇంగ్లీషు చదువుల వారి కబుర్లేనన్న రెండో ఆక్షేపణ ఇంకా పదునైనది, చాలావరకు నిజం కూడా. లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు కూలి పని చేసుకునే కుటుంబం కూడా పిల్లలతో వెళ్తుంది. కార్బన్ గురించిన సంభాషణకు ఆ కుటుంబం రావాలంటే ఉచిత ప్రవేశం ఒక్కటే సరిపోదు, కన్నడంలో, తెలుగులో, తమిళంలో, ఉర్దూలో పలకరించే మనిషి కావాలి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విశాఖలోనో ఇలాంటి శాల కట్టాలనుకునే మన పాలకులకు ఒక విన్నపం. భవనానికీ తెరలకూ డబ్బు కేటాయించే ముందు, వచ్చిన పిల్లలతో తెలుగులో మాట్లాడే మనుషుల జీతాలకు పద్దు రాయండి.