జస్సాసియా గుంటలూ, మా తూర్పు దారీ

ఈసారి మా ఖతర్ తెలుగువాళ్ల సంక్రాంతి పిక్నిక్‌కి కూడా బస్సులు శమాల్ రోడ్డు మీదనే పోయాయి. దోహా మన్సూరాలో బయల్దేరడం, ఎక్కడా ఆగకుండా జుబారా కోట చేరడం, కోట ముందు వరసగా నిలబడి ఫోటో, పులిహోర, తిరుగు ప్రయాణం. అల్ ఖోర్‌లో ఉండే మా ఆరు కుటుంబాలు మాత్రం ఎప్పటిలాగే తూర్పు తీరం పట్టుకుని పోయి గంటన్నర ఆలస్యంగా చేరాయి. అప్పటికి పులిహోర గిన్నె అడుగంటింది. ఆ సంగతి నేను మరిచిపోయాననే అందరికీ చెప్తున్నాను.

ఈ వ్యాసం పులిహోర గురించి కాదు. మన పత్రిక కిందటి ఉగాది సంచికలో దోహా పెద్దాయన ఒకరు (అందరం బాబాయి గారనే పిలుస్తాం, పేరు అక్కర్లేదు) రాసిన రెండు మాటల గురించి. మొదటిది, జుబారా కోట పద్దెనిమిదో శతాబ్దం నాటిదని. రెండోది, తూర్పు తీరాన జస్సాసియా రాళ్ల మీద గుంటలు అయిదు వేల ఏళ్లనాటివని, వాటిని తొలిచింది మన తెలుగు నావికులేనని. రెండు మాటలూ తప్పే. అయితే రెండో తప్పు మీద నాకు కాస్త ప్రేమ ఉంది, అందుకే దాని గురించి ఎక్కువ రాస్తాను.

ముందు కోట సంగతి తేల్చేద్దాం. శమాల్ రోడ్డు వెళ్లేవాళ్లంతా ఫోటో దిగే ఆ కోటని అప్పటి పాలకుడు షేక్ అబ్దుల్లా బిన్ జాసిం 1938లో కట్టించాడు. మూడు మూలల గుండ్రటి బురుజులు, నాలుగో మూల పలకల బురుజు. తీరం కాపలాకి కట్టిన ఠాణా అది. మా తాతయ్య పెళ్లి అంతకు ముందే అయింది! యునెస్కో 2013లో గుర్తించింది ఆ కోటని చూసి కాదు, దానికి పడమట సముద్రం వైపు ఇసుకలో కూరుకుపోయిన ఊరిని చూసి. కువైట్ వైపు నుంచి వచ్చిన ఉతూబ్ తెగవాళ్లు పద్దెనిమిదో శతాబ్దంలో ముత్యాల వ్యాపారంతో పెంచిన పట్నం, 1811లో తగలబడింది. ఆ పట్నం గోడలు చాలావరకు కూలిపోయాయి కాబట్టి ఫోటోకి పనికిరాదు. ఫోటోకి పనికొచ్చిన దానికి వయసు పెంచేశారు. బాబాయి గారిని అనడానికేముంది, టూరు బస్సుల గైడ్లూ అదే చెప్తారు.

ఇక దారి సంగతి. శమాల్ రోడ్డు మంచి రోడ్డే, కాదనను. ఈ ద్వీపకల్పం పొడవు నూటఅరవై కిలోమీటర్లు, దాని నడుం మీదుగా సూదిలా ఉత్తరానికి పోతుంది. ఎడమ లేన్‌లో ఉంటే వెనకనుంచి ల్యాండ్ క్రూజర్ లైట్లు కొట్టి తరుముతుంది. కుడి లేన్‌లో ఉంటే ట్రైలర్ల మధ్య ఇరుక్కుంటాం. రెండు వైపులా కంచె, కంచె అవతల ఏమీ లేదు. ఖతర్‌లో చూడ్డానికి ఏముందండీ అని అడిగేవాళ్లంతా ఈ రోడ్డు మీదే తిరిగినవాళ్లు. ఈ దేశం బతికిందంతా సముద్రపు ఒడ్డున. లోపలికి వచ్చింది వానాకాలపు మేతకి, నీటికి మాత్రమే. నడుం మీద ప్రయాణం చేసి ముఖం చూడలేదంటే ఎలా?

మా దారి ఇది. అల్ ఖోర్ కార్నిష్ నుంచి తఖీరా మడ అడవుల పక్కగా, తర్వాత రాస్ లఫ్ఫాన్ గ్యాస్ ఫ్యాక్టరీల ప్రహరీని కుడిచేతి వైపు ఉంచుకుని ఉత్తరానికి. మన మగవాళ్లలో సగం మంది ఆ ప్రహరీ లోపలే ఉంటారు కాబట్టి ఆ భాగం గురించి నేను చెప్పేదేమీ లేదు. అది దాటాక హువైలా, జస్సాసియా, ఫువైరిత్, గారియా, మఫ్జర్, చివర రువైస్. అక్కడ కొమ్ము తిరిగి పడమటి ఒడ్డున అబూ దలూఫ్, జుమైల్, ఖువైర్, అరీష్, ఫురైహా, ఆ తర్వాతే జుబారా. దోహావాళ్లు శమాల్ రోడ్డు మీదే వచ్చి ఫువైరిత్ బోర్డు దగ్గర కుడికి తిరిగినా సగం దారి కలిసొస్తుంది. ఆ రోడ్డు దిగగానే మొదట తెలిసేది చప్పుడు తగ్గడం. అద్దం దించితే గాలి చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. అరగంటలో ఎదురొచ్చేవి నాలుగు బళ్లు, అందులో ఒకటి గర్గూర్‌లు వేసుకుపోయే చేపల పికప్పు. గర్గూర్ అంటే ఇనప తీగతో బుట్ట బోర్లించినట్టు అల్లే చేపల మావు. కోనసీమ వాళ్లు దాన్ని చూస్తే దిగి చూడకుండా ఉండలేరు.

ఒక్క జాగ్రత్త. తారు దిగి ఒడ్డు దాకా పోదామనిపిస్తుంది, పోవద్దు. పైకి గట్టిగా, తెల్లగా కనిపించే సబ్ఖా నేల మన చవిటి నేలలాంటిదే. పైన అప్పడం, అడుగున బురద. కారు నేర్చుకున్న ఏడాది నేను ఆ అప్పడం మీదకి పోనిచ్చాను. తఖీరా జాలరి ఒకాయన తాడు కట్టి లాగాడు, డబ్బిస్తే పుచ్చుకోలేదు. నా డ్రైవింగ్ గురించి అరబ్బీలో ఏదో అన్నాడు, అది నాకు అర్థం కాకపోవడమే మంచిదైంది.

హువైలా పేరు ఈ తరం వాళ్లెవరికీ తెలీదు. జుబారా పుట్టకముందు ఈ తీరంలో పెద్ద ఊరు అదే. ఫువైరిత్ అంటే మన పిల్లలకి తాబేళ్లు. ఏప్రిల్ నుంచి ఒడ్డు మూసేసి గుడ్లు పెట్టనిస్తారు. కానీ ఖతర్‌ని పాలించే అల్ థానీలు 1847 ప్రాంతంలో దోహాకి కాపురం మార్చింది ఈ ఫువైరిత్ నుంచే. రాజధాని వాళ్లకి పాలకుల్ని పంపిన ఒడ్డు అన్నమాట, కనీసం ఒక పిక్నిక్ బస్సుని మా వైపు పంపితే వాళ్ల సొమ్మేం పోతుంది?

ఇప్పుడు జస్సాసియా. కంచె వేసిన చోట కారు ఆపి నడిస్తే ఒడ్డుకి కొంచెం ఇవతల సున్నపురాయి దిబ్బలు, తిరగేసిన పడవల్లా బోర్లా పడుకుని ఉంటాయి. మిట్టమధ్యాహ్నం వెళ్తే వట్టి రాయి. నన్ను మొదటిసారి తీసుకెళ్లినాయన పన్నెండింటికి తీసుకెళ్లాడు, ఏమీ కనపడక ఇంటికొచ్చి తలనొప్పి మాత్ర వేసుకున్నాను. పొద్దున్నే గానీ, సూర్యుడు వాలాక గానీ వెళ్లాలి. వెలుగు ఏటవాలుగా పడితే గుంటల్లో నీడ నిలుస్తుంది. అప్పుడు ఒక్కసారిగా బొమ్మలు లేస్తాయి. పైనుంచి చూసినట్టు గీసిన పడవలు, రెండు పక్కలా జెర్రి కాళ్లలా తెడ్లు, కొన్నిటికి తోకలా వేలాడే తాడు, తాడు చివర లంగరు. గుండ్రంగా పూవులా తిరిగే గుంటలు. ఆ పైన రెండు వరుసలు, వరుసకి ఏడేసి గుంటలు. మళ్లీ అవే, ఇంకో రాయి మీద మళ్లీ అవే.

డెన్మార్క్ నుంచి వచ్చిన హోల్గర్ కపెల్, ఆయన కొడుకు హాన్స్ కపెల్ 1973-74 చలికాలంలో ఇక్కడ కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. 874 లెక్క తేలింది. మూడో వంతుకి పైగా ఈ గుంటలే, వాటిలో ఏడేసి గుంటల జంట వరుస మాటిమాటికీ వస్తుంది. తెలుగు ఆడపిల్ల ఎవరైనా దాన్ని చూసి అనే మాట ఒక్కటే, “వామనగుంటలు!” నేనూ అదే అన్నాను, గట్టిగానే అన్నాను. పక్కనే ఉన్న మా పక్కింటి వదిన (రాజోలు) కళ్లనీళ్లు పెట్టుకుంది. వాళ్లమ్మమ్మ వామనగుంటల పీట ఇప్పటికీ అటక మీద ఉందట.

బాబాయి గారు ఆ కన్నీళ్ల దగ్గర ఆగకుండా చరిత్ర రాసేశారు. అయిదు వేల ఏళ్లు అన్నారు. ఆయన ఒక్కడే కాదు, కొత్త రాతియుగం అని రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. మరి పడవల తాళ్ల చివర చూడండి. కొన్నిటికి రెండు చిల్లుల రాతి లంగరు ఉంది, నిజమే. కొన్నిటికి రెండు కొమ్ములు వంగిన ఇనప లంగరు. రాతియుగంలో ఇనప లంగరు ఎక్కడిది? ఇక్కడి తొమ్మిది చెక్కడాల వయసు కట్టిన అధ్యయనం ఒకటి 2012లో అచ్చయింది. కొన్ని వందల ఏళ్లకి మించినట్టు ఆధారమేదీ వాళ్లకి దొరకలేదు. అన్నీ పరీక్షించలేదు కదా అనొచ్చు. అనండి, కానీ పరీక్షించనివి వేల ఏళ్లవని చెప్పే హక్కు దానివల్ల రాదు.

తెలుగు నావికుల మాట. గోల్కొండ రోజుల్లో మన బందరు నుంచి పర్షియా బందరు అబ్బాస్‌కి ఓడలు నడిచిన మాట నిజం. పేరులోనే బందరు ఉంది చూశారా అని బాబాయి గారు వేదిక మీద అంటే చప్పట్లు కూడా పడ్డాయి. బందరు అంటే రేవు అని పారశీకపు మాట. రేవున్న చోటల్లా అది ఉంటుంది. పైగా బందరు అబ్బాస్ అవతలి ఒడ్డు. అక్కడ దిగినవాడు ఇవతలి ఎడారి ఒడ్డుకొచ్చి రాయి తొలుస్తూ కూర్చున్నాడనడానికి ఏం కనిపించింది? ఏడు గుంటలు మనకొక్కళ్లకేనా అంటే అదీ కాదు. తమిళుల పల్లాంగుళి అంతే. స్టూవర్ట్ కులిన్ అనే అమెరికన్ వర్ణించిన సిరియా బల్లలకీ వరుసకి ఏడే. ఈజిప్టులో ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్లేయుడు చూసినదానికి ఆరు. ఇక్కడి ముసలివాళ్లు దీన్ని హలూసా అంటారు. ఇంట్లోవాళ్ల ఆట ఇంట్లోనే ఉండగా మనం సముద్రం దాటించి తేవడం ఎందుకు?

అయితే వామనగుంటలు అనే నా కేకని మాత్రం నేను వెనక్కి తీసుకోను. అది ఆట కాదని వాదించే పండితులూ ఉన్నారు. కొన్ని గుంటలు మరీ చిన్నవి, గవ్వలు పట్టవు అంటారు. జోస్యం చెప్పుకోవడానికి అని ఒకరు, ఆటుపోట్ల లెక్కకి అని ఒకరు, ముత్యాలు ఏరి పోసుకోవడానికి అని మరొకరు. ముత్యాల మాట నాకు అసలు నచ్చదు. ముత్యాల వర్తకులకి పరిమాణం తేల్చే ఇత్తడి జల్లెడలు ఉండేవి, చిల్లు మీద చిల్లు తగ్గుతూ ఒకదాంట్లో ఒకటి ఇమిడేవి. సరుకు ఎర్రగుడ్డలో మూటకట్టి బొడ్లో దోపుకునేవాళ్లు. కోట్ల విలువ చేసే సరుకుని, ఇసుక గాలి కొట్టే బోడి రాయి మీద దొర్లిస్తారా ఎవరైనా? హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ఏ ముత్యాల దుకాణం సేటునైనా అడగండి, నవ్వుతాడు. (ఆ సేటు తాతలు అమ్మిన ‘బస్రా’ ముత్యాల్లో ఈ మా సముద్రంలో మునిగి తీసినవి ఎన్నో. బొంబాయి మీదుగా పోయాయి, పేరు మాత్రం బస్రాకి పోయింది. అది ఇంకో వ్యాసం.)

చిన్న గుంటల అభ్యంతరం గట్టిది. దానికి నేనే ఒక పని చేశాను. రాతిని ముట్టుకోలేదు, కంచె లోపల ఎవరూ ముట్టుకోకూడదు కూడా. పక్కన యాభై దిర్హమ్ బిళ్ల పెట్టి ఫోటోలు తీసుకుని, ఇంట్లో చపాతీ పిండి గట్టిగా కలిపి, ఆ కొలతకి బొటనవేలితో రెండు వరుసలు నొక్కి ఆరబెట్టాను. ఒకటి పెద్ద కొలత, ఒకటి చిన్న కొలత. పెద్దదాంట్లో చింతగింజలు నాలుగేసి చక్కగా కూర్చున్నాయి, ఆట చివరిదాకా సాగింది. చిన్నదాంట్లో చింతగింజలు పట్టలేదు. గురివింద గింజలతో మొదలుపెట్టాం. ఒక గుంటలో పది దాటగానే కిందికి దొర్లిపోయాయి. మా అమ్మాయి, “అమ్మా, నువ్వు ఓడిపోయావు” అంది. ఆటలోనా వాదంలోనా అని నేను అడగలేదు.

కాబట్టి చిన్నవాటి మీద నా పట్టు సడలిస్తున్నాను, అవి వేరే దేనికో అయి ఉండొచ్చు. పెద్దవి ఆటవే. ఎందుకంటే ముత్యాల మునకలు వేసవిలో. మిగతా ఏడాదంతా ఈ ఒడ్డు మనుషులకి ఎదురుచూపే పని. గాలి కోసం, పడవ కోసం, పడవలో పోయినవాళ్ల కోసం. ఎదురుచూసేవాళ్లు నేల మీద గుంటలు తవ్వుకుంటారు. ఇది పండితులు ఒప్పుకునే ఆధారం కాదని నాకూ తెలుసు. అరబ్బీ రాని, పురావస్తు శాస్త్రం చదవని, ఇరవై రెండేళ్లుగా ఎవరో ఒకరి డ్యూటీ బస్సు కోసం ఎదురుచూస్తూ అల్ ఖోర్‌లో కాపురం చేస్తున్న మనిషి మాట ఇది.

బాబాయి గారికి ఈ వ్యాసం ముందే చదివి వినిపించాను. 1938 సంగతి ఒప్పుకున్నారు. వామనగుంటలు మనవే అన్న మాట మాత్రం వదల్లేదు. “నువ్వు మరీ ఇక్కడిదానివి అయిపోయావమ్మా” అన్నారు. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను. ఒకసారి తూర్పు దారిన రండి, పొద్దున్నే అయిదింటికి బయల్దేరాలి అన్నాను. అంత పొద్దున్నే బస్సు డ్రైవరు రాడన్నారు.

వచ్చే సంక్రాంతికి పులిహోర వంతు అల్ ఖోర్ వాళ్లది. గిన్నె మా కారులో వస్తుంది, మా కారు జస్సాసియా మీదుగా వస్తుంది.