బండి ఉక్కుది, బతుకు కాగితానిది

అమెరికాలో సైన్యం వాడి వదిలేసిన బండి కొనడం తేలికే. దాన్ని రోడ్డెక్కించడమే అసలు యుద్ధం. ఒకే వేలంలో కొన్న రెండు హమ్‌వీల్లో ఒకటి ఒక రాష్ట్రంలో నంబరు ప్లేటు తగిలించుకుని దర్జాగా తిరుగుతుంటే, రెండోది పక్క రాష్ట్రంలో ఎవరి పెరట్లోనో టార్పాలిన్ కింద పడుంటుంది. ఇదెక్కడి న్యాయం అని కాస్త చరిత్ర తవ్వితే, తేడా బండిలో కాదు, కాగితంలో ఉందని తెలుస్తుంది.

ముందు ఒక ముక్క చెప్పుకోవాలి. మనకి ఆర్సీ ఒక్కటే. అక్కడ రెండు. బండి ఎవరిదో చెప్పేది టైటిల్. దాన్ని రోడ్డు మీద తిప్పుకోనిచ్చేది రిజిస్ట్రేషన్. రెండూ ఇచ్చేది రాష్ట్రమే, ఫెడరల్ ప్రభుత్వం కాదు. 1901లో న్యూయార్క్ రిజిస్ట్రేషన్ మొదలుపెట్టినప్పుడు ప్లేటు మీద సొంతదారు పొడి అక్షరాలుంటే చాలు, ప్లేటు కూడా సొంతదారే చేయించుకోవాలి. తర్వాత ఒక్కో రాష్ట్రం తనకి తోచిన దారి పట్టింది. దొంగ కార్లు రాష్ట్రాలు దాటుతున్నాయని 1919లో డయ్యర్ చట్టం తెచ్చారు. అది దొంగ కారుని రాష్ట్రం దాటించడాన్ని ఫెడరల్ నేరం చేసింది గానీ, టైటిళ్ళ పని తన నెత్తిన వేసుకోలేదు. అన్నిటికంటే ముందు రిజిస్ట్రేషన్ పెట్టిన న్యూయార్క్‌లోనే 1973కి ముందు మోడళ్ళకి ఇప్పటికీ టైటిల్ ఉండదు!

ఇక మిలటరీ బళ్ళ సంగతి. రెండో ప్రపంచయుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకి పైగా జీపులు తయారుచేశాయి. మిగిలిన సామాను అమ్మడానికి 1944లో సర్‌ప్లస్ ప్రాపర్టీ చట్టం, 1946లో వార్ అసెట్స్ అడ్మినిస్ట్రేషన్ వచ్చాయి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి కొనుగోలులో ప్రాధాన్యం కూడా ఇచ్చారు. (యాభై డాలర్లకే పెట్టెలో జీపు అన్న ప్రకటనలు తర్వాత చాలా ఏళ్ళు నడిచాయి. డబ్బులు పంపితే వచ్చేది జీపు కాదు, ఎలా కొనాలో చెప్పే పుస్తకం!) అప్పట్లో రాష్ట్రాల ప్రధానమైన ప్రశ్న ఒక్కటే: ఈ బండి నీదేనా? కొన్న రసీదు చూపిస్తే చాలావరకు పని అయిపోయేది.

ఆ రోజులు 1966తో పోయాయి. ఆ ఏడాది వచ్చిన జాతీయ వాహన భద్రత చట్టం కింద, 1968 నుంచి తయారయ్యే ప్రతి బండీ ఫెడరల్ ప్రమాణాలు పాటించాలి. పాటించినట్టు కంపెనీ బండి మీద ఒక లేబుల్ అంటించాలి. సైన్యం కోసం చేసి నేరుగా సైన్యానికే అమ్మే బళ్ళకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. సబబే, ట్యాంకుకి ఎయిర్‌బ్యాగ్ ఎందుకు? చిక్కల్లా ఆ బండి సైన్యంలోంచి బయటికొచ్చాక మొదలైంది. ఒంటి మీద లేబుల్ లేదు, ఇక రాదు. ఎమ్-151 జీపుల కథ ఇంకా ఘోరం. మలుపుల్లో బోల్తా కొట్టే గుణం ఉందని, వాటిని ముక్కలుగా కోసి తుక్కు కింద అమ్మారు.

హమ్‌వీలు 1980ల్లో సైన్యంలోకొచ్చాయి. వాటిని మామూలు జనానికి వేలం వెయ్యడం 2014 డిసెంబర్‌లో మొదలైంది. కొన్నవాళ్ళకి ఇచ్చేది ఎస్ఎఫ్-97 అనే ఫారం. ఇది టైటిల్ కాదు, టైటిల్ తెచ్చుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే పత్రం. దాని మీద "రోడ్డు మీద వాడకానికి కాదు" అన్న అర్థంలో ఒక వాక్యం కొట్టి ఇచ్చారు. కథంతా అక్కడే మలుపు తిరిగింది. కొన్ని చోట్ల గుమాస్తా ఆ వాక్యం చూసి ఫైలు మూసేస్తాడు. ఇంకొన్ని చోట్ల లైట్లు, హారన్, అద్దాలు తనిఖీ చేసి ప్లేటు ఇస్తారు. టెక్సాస్‌లో ప్రదర్శనల కోసం పాత మిలటరీ బళ్ళకి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది. కుదరనివాళ్ళు మోంటానాలో పేరుకో కంపెనీ పెట్టి దాని పేరు మీద రిజిస్టర్ చేయిస్తారు. వెర్మాంట్ కూడా బయటి రాష్ట్రాలవాళ్ళకి అలాంటి దొడ్డిదారిగా ఉండేది, 2023లో దాన్ని మూసేశారు.

మా ప్రోగ్రామర్లకి నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. 1981 నుంచి మామూలు బళ్ళకి 17 అక్షరాల గుర్తింపు సంఖ్య తప్పనిసరి. మిలటరీ బండికి ఉండేది చిన్న సీరియల్ నంబరు. ఎదురుగా పెద్ద పెద్ద చక్రాలేసుకుని అంత బండి నిలబడి ఉన్నా, కంప్యూటర్ మాత్రం "ఇలాంటి బండి లేదు" అంటుంది.

మన దేశంలో ఇంత గందరగోళం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ ప్రకారం రక్షణశాఖ బళ్ళని కేంద్రం నియమించిన అధికారి రిజిస్టర్ చేస్తాడు. సైన్యం వదిలేశాక అది అందరి బళ్ళలాగే మామూలు రిజిస్ట్రేషన్‌కి రావాలి. ఆర్టీవో ఆఫీసులో తిరుగుళ్ళు తప్పవనుకోండి, కానీ చట్టంలో దారైతే ఉంది.

నేననేదేంటంటే, అమెరికాలో రెండు ప్రశ్నల్ని కలిపేశారు. బండి ఎవరిది అన్నది ఒకటి, రోడ్డుకి పనికొస్తుందా అన్నది ఇంకోటి. భద్రత గురించి భయపడేవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. ఏడడుగుల వెడల్పున్న హమ్‌వీ స్కూలు ముందు తిరిగితే నాకూ భయమే. అయితే దానికి మందు తనిఖీ, అంతేగానీ టైటిల్ నిరాకరించడం కాదు. డబ్బు తీసుకుని అమ్మింది ప్రభుత్వమే అయినప్పుడు, కొన్నవాడిని సొంతదారుగా కూడా గుర్తించకపోతే ఎలా? ముందు టైటిల్ ఇచ్చి, తనిఖీలో నెగ్గితేనే ప్లేటు ఇవ్వండి, నెగ్గకపోతే వద్దు. 1945లో రసీదు చూసి బండి ఎవరిదో తేల్చగలిగినవాళ్ళకి ఇవాళ ఆ మాత్రం చేతకాకపోదు.

ఈలోగా ఎవరికైనా మోజుంటే, వేలంలో చెయ్యెత్తే ముందు బండి ఇంజను కంటే ముందు మీ రాష్ట్రం రూల్సు చూసుకోండి.