రైలుకు ముందు రేవు

ఖరగ్‌పూర్ చరిత్ర అడిగితే ఇక్కడి మన తెలుగువాళ్లు బి.ఎన్.ఆర్. దగ్గర మొదలుపెడతారు. 19వ శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే రావడం, వర్క్‌షాపు వెలవడం, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మన తాతముత్తాతలు పనికోసం తరలిరావడం... అదంతా నిజమే. కానీ కళింగ తీరానికీ ఈ ప్రాంతానికీ రాకపోకలు పట్టాలు పడ్డాక మొదలైనవి కావు. 2,000 ఏళ్ల కిందటే ఈ దగ్గర్లో ఒక మహా రేవు ఉండేది. అదే తామ్రలిప్తి.

ఖరగ్‌పూర్‌లో హౌరా లోకల్ ఎక్కి, పాంశ్‌కురాలో హల్దియా లైనుకు మారితే తామ్లుక్‌లో దిగుతాం. రూప్‌నారాయణ్ నది ఒడ్డున ఉన్న ఈ జిల్లా కేంద్రం కిందే పాత నగరం ఉంది. అప్పట్లో రాజ్యానికీ, రేవుకూ తామ్రలిప్తి అనే ఒకే పేరు. అశోకుడు పంపిన బోధివృక్షపు కొమ్మ ఇక్కడే ఓడెక్కి సింహళం చేరిందని మహావంశం చెబుతుంది. 5వ శతాబ్దంలో చైనా యాత్రికుడు ఫాహియాన్ ఇక్కడ రెండేళ్లుండి గ్రంథాలకు నకళ్లు రాసుకున్నాడు. తర్వాత వర్తకుల ఓడలో 14 రాత్రింబవళ్లు ప్రయాణించి సింహళంలో దిగాడు. 673లో వచ్చిన మరో చైనా యాత్రికుడు ఇత్సింగ్ సంస్కృతం నేర్చుకున్నదీ ఇక్కడే.

1954-55లో భారత పురావస్తు శాఖ తరఫున ఎం.ఎన్. దేశ్‌పాండే తామ్లుక్‌లో తవ్వకాలు జరిపారు. అట్టడుగున నవీన శిలాయుగపు రాతి గొడ్డళ్లు, ఆ పైపొరల్లో టెర్రకోట బొమ్మలు, రౌలెటెడ్ మట్టిపాత్రలు దొరికాయి. ఈ రౌలెటెడ్ పళ్లేల లోపలి అడుగున సన్నని గాట్లు వలయాలుగా తిరుగుతాయి. ఒకప్పుడు ఇవి రోమ్ సరుకని అనుకున్నారు. మన దేశంలోనే చేసినవని తర్వాత తేలింది. అరికమేడులో, అమరావతిలో, శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలో దొరికినవీ ఈ రకమే. వంశధార ఒడ్డునా, రూప్‌నారాయణ్ ఒడ్డునా ఒకే రకం పళ్లేలు వాడారంటే ఈ తీరం పొడవునా పడవలు తిరిగినట్టే.

ఈ బంధానికి ఒక గాథ కూడా తోడుంది. కళింగ రాజు గుహశివుడి కూతురు హేమమాల బుద్ధుడి దంతధాతువును కొప్పులో దాచుకుని, భర్త దంతకుమారుడితో దంతపురం విడిచి, తామ్రలిప్తిలో ఓడెక్కి సింహళం చేర్చిందని దాఠావంశం అనే పాళీ కావ్యం చెబుతుంది. ఆ దంతపురం శ్రీకాకుళం జిల్లాలోని దంతవక్త్రుని కోట అని కొందరు, ఖరగ్‌పూర్‌కు దక్షిణాన ఉన్న దాంతన్ అని మరికొందరు పండితులు అంటారు. దాంతన్ పక్కనే మొగల్‌మారిలో కలకత్తా విశ్వవిద్యాలయం తరఫున అశోక్ దత్తా 2003-04 నుంచి జరిపిన తవ్వకాల్లో పెద్ద బౌద్ధ విహారం, గచ్చు శిల్పాలతో సహా బయటపడింది.

తామ్రలిప్తి దగ్గర నది దారి మార్చుకుంది, పూడిక పేరుకుంది, ఓడలు రావడం మానేశాయి. పాత నగరం మీదే కొత్త ఊరు వెలిసింది కాబట్టి తామ్లుక్‌లో విస్తారంగా తవ్వే వీల్లేదు. చెరువులు తవ్వినప్పుడో, ఒడ్డు కోసుకుపోయినప్పుడో బయటపడిన బొమ్మలే ఎక్కువ. వాటిలో అతి గొప్పదైన యక్షి ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. జానెడు ఎత్తు మట్టి బొమ్మ. తలకట్టులో ఆయుధాల ఆకారంలో సూదులు, ఒళ్లంతా పూసల పేటలు. మిగిలినవాటిలో కొన్నిటిని తామ్లుక్‌లోని తామ్రలిప్త మ్యూజియంలో చూడవచ్చు.

ఖరగ్‌పూర్ తెలుగు పిల్లలను అక్కడికి ఒక్కసారైనా తీసుకెళ్లాలి. ఈ నేల మీద మనం నిన్నగాక మొన్న వచ్చిన పరాయివాళ్లం కామనీ, మన తీరానికీ ఈ తీరానికీ పాత చుట్టరికం ఉందనీ వాళ్లకు తెలియాలి.